ఏడ్చే హక్కు

పోయినవాళ్ల కోసం ఏడవటానికి సర్కారు ఇజాజత్ కావాలా? కావాలన్నది అమెరికా.

లకోటా జనం తమ మనిషి పోతే తలవెంట్రుకల పాయ తీసి, పవిత్రంగా మూటకట్టి, ఏడాది దాకా ఇంట్లో ఉంచుకునేవాళ్లు. ఆ మూటలో పోయినవాళ్ల ఆత్మ ఉందని వాళ్ల నమ్మకం. ఏడాది నిండాక అందరినీ పిలిచి, అన్నంపెట్టి, ఉన్నదంతా పంచి ఆత్మను సాగనంపేవాళ్లు. ఒక ఇంటి దుఃఖాన్ని అందరూ మోసేవాళ్లు. మొహర్రంలో పీర్ల వెంట కులమతాలు చూడకుండా నడిచిన మన పల్లెలకు ఇది విడమరిచి చెప్పాలా?

1883 నాటి నిబంధనలు వాళ్ల క్రతువుల్ని నేరాలుగా రాశాయి. 1890లో ఆత్మల మూటల్నీ నిషేధించారు. ఫలానా రోజున ఆత్మలన్నిటినీ వదిలేయాలని హుకుం!

అదే ఏడాది డిసెంబర్ 29న, దక్షిణ డకోటాలోని వూండెడ్ నీ వాగు దగ్గర సైన్యం లకోటాల గుడారాలను చుట్టుముట్టి ఫిరంగులు పేల్చింది. నాయకుడు బిగ్ ఫుట్ అప్పటికే న్యుమోనియాతో లేవలేని మనిషి. 250 మందికి పైగా చచ్చిపోయారు. ఆడవాళ్లు, పసిపిల్లలు ఎందరో. మంచులో కొయ్యబారిన శవాల్ని ఒకే గోతిలో పడేశారు. చంపిన సైనికులకు దేశంలోకెల్లా పెద్ద శౌర్య పతకాలిచ్చారు. ఏడిస్తే నేరం, చంపితే శౌర్యం!

'పాత గాయాలు కెలకొద్దు' అంటారు పెద్దమనుషులు. ఈ నీతి మేమూ చాలాసార్లు విన్నాం. అంత పాతదైతే ఆ పతకాలెందుకు వదలరు? 2024లో సమీక్షన్నారు. 2025 సెప్టెంబర్‌లో రక్షణ మంత్రి పతకాలు ఉంటాయని తేల్చేశాడు. చంపినవాళ్ల జ్ఞాపకానికి కాలదోషం పట్టదు, చచ్చినవాళ్లదే పాతబడుతుందా?

లకోటా బిడ్డ మరియా యెల్లో హార్స్ బ్రేవ్ హార్ట్ 1980ల నుంచీ చెబుతున్నది ఇదే: ఏడవనివ్వని దుఃఖం పోదు, తరాల వెంట దిగుతుంది. తాగుడనీ, ఆత్మహత్యలనీ వాళ్లను వేలెత్తి చూపేవాళ్లు ఈ మాట వినాలి.

వాళ్లు ఎవరి ఇజాజత్ కోసమూ ఆగలేదు. 1986 చలికాలంలో 19 మంది గుర్రాలెక్కి బిగ్ ఫుట్ నడిచిన దారి పట్టారు. ఏటేటా జనం పెరిగారు. 1990లో, నూరేళ్లు నిండిన రోజున, వందల మంది ఎముకలు కొరికే చలిలో ఆ గోతి దగ్గరికి చేరి కన్నీళ్లు తుడిచే క్రతువు జరిపారు. ఆ ఏడాదే అమెరికా కాంగ్రెస్ 'ప్రగాఢ విచారం' ప్రకటించింది. క్షమాపణ మాత్రం నోట రాలేదు.

మాతం చేయటం బలహీనత కాదు. మా మనుషులు మనుషులేనని నలుగురి మధ్యా చెప్పటం. కన్నీళ్లు తుడుచుకున్న లకోటాలు పతకాలు వెనక్కి తీసుకోమని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. మర్చిపొమ్మనేవాళ్లు ముందు దానికి జవాబు చెప్పాలి.