పగ తీర్చడం దేవుని పని, జీతమివ్వడం మన పని

1997లో వచ్చిన 'ఒసేయ్ రాములమ్మ' సినిమాను నడివయసు దాటిన తెలుగువారెవరూ మరచిపోయి ఉండరు. దాసరి నారాయణరావు దర్శకత్వం, విజయశాంతి నటన, వందేమాతరం శ్రీనివాస్ సంగీతం కలిసి ఊరూరా మారుమోగాయి. ఆ పాత్రకు విజయశాంతి ఉత్తమ నటిగా నంది బహుమతి కూడా అందుకున్నారు. కథ తెలిసిందే. దొర పెత్తనం కింద నలిగిన ఒక పేదింటి ఆడపిల్ల అడవి బాట పడుతుంది, తుపాకీ పడుతుంది, తనకు జరిగిన అన్యాయానికి పగ తీర్చుకుంటుంది.

విశ్వాసులు సినిమాలు చూడవచ్చా, చూడకూడదా అన్నది వేరే చర్చ. దాన్ని ఇక్కడ ఎత్తుకోవడం లేదు. మా ప్రశ్న ఒక్కటే. రాములమ్మ దొరకు ఎదురు తిరిగినప్పుడు హాలులో అంతమంది ఎందుకు చప్పట్లు కొట్టారు? ఆ కొట్టిన చేతుల్లో ఆదివారం ఆరాధనలో జోడించే చేతులు కూడా ఉన్నాయి కదా? పగ తీర్చుకోవద్దని చెప్పే గ్రంథాన్ని నమ్మే మనం ఆ చప్పట్లకు ఏం జవాబు చెబుతాం? అది పాపం అని ఒక్క మాటతో కొట్టిపారేస్తే సరిపోతుందా?

మొదట ఆ సినిమా పేరు చూడండి. 'ఒసేయ్' అన్నది పిలుపు కాదు, చులకన. పనిచేసే మనిషికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఉన్నా ఆ పేరుతో పిలవనవసరం లేదనుకునే అహంకారం ఆ ఒక్క మాటలో ఉంది. ఇది మన ఒక్క దేశపు జబ్బు కాదు. ఫిలిప్పీన్స్‌లో 1978లో నోరా ఔనోర్ నటించిన ఒక సినిమా వచ్చింది. యజమానుల ఇళ్లలో ఒక పనిమనిషి పడిన బాధలే దాని కథ. దాని పేరు 'అట్సాయ్'. వాళ్ల భాషలో పనిమనిషిని తక్కువ చేసి పిలిచే మాట అది. ఆసియాలో క్రైస్తవులు అత్యధికంగా ఉన్న దేశం ఫిలిప్పీన్స్. అంటే ఆ పనిమనిషిని అలా పిలిచిన ఇళ్లలో గోడకు సిలువ కూడా వేలాడి ఉంటుంది! మనం ఆలోచించవలసిన సంగతి ఇది.

బైబిల్‌లో మొదటి పనిమనిషి కథ హాగరుది. ఆదికాండము 16వ అధ్యాయం జాగ్రత్తగా చదివితే ఒక విషయం కనిపిస్తుంది. శారయి, అబ్రాము మాట్లాడినంతసేపూ ఆమెను దాసి అంటారే తప్ప పేరు ఎత్తరు. శారయి పెట్టిన శ్రమకు తాళలేక ఆమె అరణ్యంలోకి పారిపోయింది. అక్కడ నీటి ఊట దగ్గర ఆమెను పేరు పెట్టి పిలిచినవాడు యెహోవా దూత. ఎక్కడినుండి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు అని అడిగినవాడు ఆయనే. తనను చూసిన దేవుడు ఆయనేనని ఆ దాసి ఆయనకు ఒక పేరు పెట్టింది. విశ్వాసులకు తండ్రి అనిపించుకున్న అబ్రాము ఇంట్లో దొరకని చూపు ఆమెకు అడవిలో దొరికింది.

అడవి అనగానే మా ప్రాంతం గురించి రెండు మాటలు చెప్పాలి. ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే దారి ఒకప్పుడు రెండు రాజ్యాల సరిహద్దు. ఇటు ఖమ్మం నిజాం ఏలుబడిలో, అటు భద్రాచలం మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది. పాలకులు వేరైనా పేదవాడి బతుకు రెండు వైపులా ఒక్కటే. ఇటు దొరల గడీలలో వెట్టి, అటు ముఠాదారుల వసూళ్లు, అడవి మీద ఆంక్షలు. 1879లో రంపలో లేచిన పితూరీ అప్పటి భద్రాచలం తాలూకాలోని రేకపల్లి దాకా పాకింది. 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో వెట్టికి ఎదురుతిరిగిన జిల్లాలలో ఖమ్మం ప్రాంతం కూడా ఉంది. ఆ తర్వాతి తరంలో అన్నలు వచ్చారు. తునికాకు కట్టకు రేటు పెంచాలని కాంట్రాక్టర్లను నిలదీసింది వాళ్లేనని అడవి అంచు ఊళ్లలో పెద్దలు నేటికీ చెప్పుకుంటారు. రాములమ్మ కథ మా ప్రాంతంలో కల్పితంగా అనిపించకపోవడానికి కారణం ఇదే.

ఇదే నేలమీద సువార్త కూడా నడిచింది. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో 1860ల నుంచి సి.ఎం.ఎస్. మిషనరీలు కోయల మధ్య పనిచేశారు. రెవరెండ్ జాన్ కెయిన్ అక్కడ దశాబ్దాలపాటు సేవ చేసి కోయల భాషను, ఆచారాలను గ్రంథస్థం చేశారు. 1912లో వి.ఎస్. అజరయ్య దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పయిన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన కాలంలో ఆ అధ్యక్ష మండలంలో చేరినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ వ్యవసాయ కూలీలు. కనుక రాములమ్మ మన సంఘానికి పరాయి మనిషి కాదు. మన సంఘాల బాప్తిస్మపు పుస్తకాల్లో మొదటి పేజీల నిండా ఉన్నవి ఆమె తాత ముత్తాతల పేర్లే.

ఇక పగ విషయానికి వద్దాం. మీకు మీరే పగ తీర్చుకోవద్దు, దేవుని ఉగ్రతకు చోటివ్వండి అని పౌలు రోమీయులకు రాశాడు (రోమా 12:19). అన్యాయం జరిగిన మనిషి దగ్గరికి మనం సాధారణంగా ఈ వచనంతోనే వెళ్తాం. క్షమించు తల్లీ, దేవునికి వదిలెయ్యి అంటాం. ఆ మాట తప్పు కాదు. కానీ సగమే. పౌలు ఇక్కడ పగ తీర్చడానికి వాడిన గ్రీకు మాట 'ఎక్‌డికేసిస్'. న్యాయం అనే మాటలోంచి పుట్టిన మాట అది. కొద్ది వచనాల తర్వాత, 13వ అధ్యాయం 4వ వచనంలో, కీడు చేసినవాని విషయంలో అధికారి దేవుని పరిచారకుడని చెబుతూ అదే మూలం నుంచి వచ్చిన మాట వాడాడు. లూకా 18వ అధ్యాయంలో విధవరాలు న్యాయాధిపతి గుమ్మం దగ్గర పదేపదే అడిగింది కూడా అదే మూలంలోని మాటతోనే. ప్రతివాది విషయంలో నాకు న్యాయం తీర్చమని ఆమె అడిగింది. యేసు ప్రభువు ఆమెను గద్దించలేదు. క్షమించి ఇంటికి పొమ్మని చెప్పలేదు. విసుగక ప్రార్థించడానికి ఆమెనే మాదిరిగా చూపించాడు.

దీన్నిబట్టి మనకు తెలిసేదేమిటి? దేవుడు బాధితునితో నీ చేయి వెనక్కి తీసుకో అన్నాడు గాని నీ వ్యాజ్యం వెనక్కి తీసుకో అనలేదు. పగ మానుకోవడం వేరు, న్యాయం అడగకపోవడం వేరు. ఈ రెంటినీ ఒకటిగా చేసి బోధిస్తే ఆ బోధ వల్ల లాభం దొరకే గాని రాములమ్మకు కాదు.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. యజమానురాలి దగ్గరికి తిరిగి వెళ్లి అణిగి ఉండమని దూత హాగరుతో చెప్పాడు కదా (ఆది 16:9) అని. నిజమే. గర్భవతియైన ఒంటరి స్త్రీకి అరణ్యంలో ప్రాణం నిలిచే దారి అది. ఆమె పిల్లవాడు గొప్ప జనమవుతాడన్న వాగ్దానం కూడా దానితోపాటే వచ్చింది. శ్రమపెట్టడానికి శారయికి ఇచ్చిన అనుమతిగా దాన్ని చదవకూడదు. 21వ అధ్యాయంలో అదే హాగరు ఇల్లు విడిచి స్వతంత్రురాలై వెళ్లినప్పుడు దేవుడు ఆమె కన్నులు తెరచి నీళ్లబావి చూపించాడు. పైగా, తప్పించుకొని వచ్చిన దాసుణ్ణి తిరిగి యజమానునికి అప్పగించకూడదని, అతన్ని బాధపెట్టకూడదని ధర్మశాస్త్రమే ఆజ్ఞాపించింది (ద్వితీ 23:15, 16). ఒక కుటుంబంలో ఒక సమయంలో చెప్పిన మాటను చట్టంగా మార్చి, దేవుడు చట్టంగా ఇచ్చిన మాటను మరచిపోవడం సరైన వ్యాఖ్యానం కాదు.

అయితే తుపాకీ దారి సరైనదేనా? కాదు. ఇది వాక్యం చెప్పే మాట, మా అడవి అనుభవించి చెప్పే మాట కూడా. సినిమాలో పగ మూడు గంటల్లో ముగుస్తుంది. అడవిలో అది తరాలు సాగింది. దొరల గడీలు పాడుబడ్డాయి గాని చావులు ఆగలేదు. ఇన్ఫార్మర్ అన్న అనుమానంతో ఒకరు, ఎన్‌కౌంటర్‌లో మరొకరు పోయారు. రెండు వైపులా పోయినవారిలో పేదింటి పిల్లలే ఎక్కువ. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం చెలరేగినప్పుడు వేలాదిమంది ఆదివాసులు ఊళ్లు వదిలి ఇటువైపు అడవుల్లోకి వచ్చి గుడిసెలు వేసుకున్నారు. వాళ్లెవరికీ ఏ దొరతోనూ పగ లేదు. ఇతరుల పగకు వాళ్లు మూల్యం చెల్లించారు. మనిషి చేతిలో పగ ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. అందుకే దేవుడు దాన్ని మన చేతికివ్వకుండా తన దగ్గర ఉంచుకున్నాడు.

కానీ దేవుడు తన దగ్గర ఉంచుకోకుండా మన చేతికిచ్చింది ఒకటి ఉంది. అది కూలివాని జీతం. కూలి డబ్బు తెల్లవారేదాకా నీ దగ్గర ఉండకూడదు అన్నాడు (లేవీ 19:13). పొలం కోసినవారికి ఇవ్వక బిగపట్టిన కూలి మొరపెడుతోందని, ఆ కేక సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవుల్లో పడిందని యాకోబు రాశాడు (5:4). జీతమివ్వకుండా పొరుగువానిచేత పని చేయించుకొనేవానికి శ్రమ అని యిర్మీయా ఏకంగా రాజు ఇంటి మీదే ప్రకటించాడు (22:13). దాసుణ్ణి విడిచి పంపేటప్పుడు వట్టి చేతులతో పంపవద్దని, మందలోనుంచి, కళ్లంలోనుంచి ధారాళంగా ఇచ్చి పంపమని ధర్మశాస్త్రం చెబుతుంది (ద్వితీ 15:13, 14). ఐగుప్తులో ఇశ్రాయేలీయుల కష్టాన్ని చెప్పేచోట మన తెలుగు బైబిల్ వాడింది కూడా 'వెట్టి' అన్న మాటే. వెట్టి నుంచి విడిపించిన దేవునిగానే ఆయన తన్ను తాను పరిచయం చేసుకున్నాడు.

దేశ చట్టం కూడా ఈ మాటే చెబుతోంది. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. 1975 అక్టోబరు 25 నుంచే అది అమలైనట్టుగా లెక్క. అప్పు పేరు చెప్పి మనిషిని కట్టిపడేయడం ఆనాటి నుంచి నేరం. ఆ అప్పు రద్దయినట్టే. చేయించుకున్నవారికి మూడేళ్ల వరకు జైలుశిక్ష ఉంది. విడిపించే బాధ్యత కలెక్టరుది. ఇళ్లలో పిల్లల్ని పనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుంచి నిషిద్ధం.

చట్టం ఉంది, వాక్యం ఉంది. మరి ఆచరణ? మిరప కోతల కాలంలో ఛత్తీస్‌గఢ్ నుంచి, ఏజెన్సీ గూడేల నుంచి కూలీలు మా వైపు పొలాలకు వస్తారు. వాళ్ల భాష మనకు రాదు, తూకం వాళ్లకు తెలియదు. ఆ చేలల్లో విశ్వాసులవి కూడా ఉన్నాయి. పట్నంలో మన ఇళ్లలో అంట్లు తోమే అమ్మాయిని చూడండి. ఆమెకు వేరే గ్లాసు, వేరే పళ్లెం ఉన్నాయా? జ్వరమొచ్చి రాని రోజుకు జీతం కోత పెడుతున్నామా? ఆమెను ఏమని పిలుస్తున్నాం? గడీ పోయింది గాని, గడీలోని దొర మన నాలుక మీద ఇంకా బతికి ఉన్నాడేమో పరీక్షించుకోవాలి.

ప్రభురాత్రి భోజనం దగ్గర తమ్మును తాము పరీక్షించుకోమని పౌలు కొరింథు సంఘానికి ఎందుకు చెప్పాడో గుర్తు చేసుకోండి (1 కొరింథీ 11:20-34). ఉన్నవారు ముందే తిని తృప్తిపడుతుంటే, లేనివారు ఆకలితో మిగిలిపోతున్నారు. ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకొని ఉండమన్నాడు. రొట్టె అందుకొనే చేయి ఎవరి జీతాన్నైనా బిగపట్టి ఉంటే, ఆ చేయి ముందు దాన్ని విడవాలి. జక్కయ్య అలాగే చేశాడు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్న తర్వాతే రక్షణ అతని ఇంటికి వచ్చిందని ప్రభువు ప్రకటించాడు (లూకా 19:8, 9).

సంఘ పెద్దలకు మా మనవి ఇది. అన్యాయం పాలైన మనిషి మీ దగ్గరికి వస్తే క్షమాపణ గురించి ప్రసంగించే ముందు ఆమె వ్యాజ్యం పూర్తిగా వినండి. రావలసిన జీతం ఎంతో లెక్క అడగండి. అవసరమైతే ఆమెతోపాటు కలెక్టరు కార్యాలయానికో, పోలీస్ స్టేషన్‌కో నడవండి. బాకీ ఉన్నవాడు మన సంఘంవాడే అయితే అతని ఇంటికి మొదట వెళ్లండి. ఒనేసిము విషయంలో పౌలు చేసింది అదే. అతన్ని దాసునిగా గాక ప్రియ సహోదరునిగా చేర్చుకోమని యజమానునికి రాసి, ఏమైనా అచ్చి ఉంటే నా లెక్కలో వేయమన్నాడు (ఫిలేమోను 16-18). మధ్యలో నిలబడేవాడు ఖర్చు భరించడానికి సిద్ధపడాలి.

అప్పుడు క్షమాపణ మాట చెప్పే అర్హత సంఘానికి ఉంటుంది. క్షమాపణ బాధితుడు ఇచ్చే కానుక. బాధపెట్టినవాడు వసూలు చేసుకునే పన్ను కాదు. ఆ కానుక ఇవ్వగలిగే బలం సిలువ దగ్గర దొరుకుతుంది. యేసు దాసుని స్వరూపం ధరించాడు (ఫిలిప్పీ 2:7). దాసుని ప్రాణానికి ధర్మశాస్త్రం కట్టిన వెల, ముప్పది వెండి నాణెములు, ఆయనకూ కట్టారు (నిర్గమ 21:32; మత్తయి 26:15). రోమా ప్రభుత్వం దాసులకు వేసే శిక్షే ఆయనకు వేసింది. ఇంటిపనివారికి రాస్తూ పేతురు ఆయన్నే మాదిరిగా చూపించాడు. దూషింపబడి తిరిగి దూషించని ఆయన, న్యాయంగా తీర్పు తీర్చే దేవునికి తన్ను తాను అప్పగించుకున్నాడు (1 పేతురు 2:18-23). గమనించండి. ఆయన తన వ్యాజ్యాన్ని వదులుకోలేదు, పై కోర్టుకు అప్పగించాడు. మూడవ దినాన తీర్పు వచ్చింది.

రాములమ్మల మొర ఆ కోర్టుకు నేటికీ చేరుతోంది. ఆ మొరలో మన పేరు ఉండకుండా చూసుకోవడం మన చేతుల్లోనే ఉంది. ఈ సాయంత్రం ఎవరికైనా జీతం ఇవ్వవలసి ఉందా? ఆమెను పేరు పెట్టి పిలిచి, ఆ జీతం ఆమె చేతిలో పెట్టండి.