నర్తకి దయ్యమే ఎందుకు కావాలి?

భరతముని నాట్యశాస్త్రంలో ఎంచిన ఎనిమిది రసాలలో భయానకం ఒకటి, అద్భుతం మరొకటి. కనుక దయ్యాల కథలు చదివే విద్యార్థులను మందలించడానికి మేము ఈ వ్యాసం రాయడం లేదు. 1980 దశకంలో యండమూరి వీరేంద్రనాథ్ గారి ‘తులసిదళం’ చదివి, రాత్రివేళ మంచినీళ్లకు వంటింట్లోకి వెళ్లడానికి జంకినవారు మన ఇళ్లలోనే ఉన్నారు. అందువల్ల వారెవరూ చెడిపోలేదు. నేడు అవే భయాలు ఫోను తెర మీద ధారావాహికలుగా వస్తున్నాయి; చదవనిమ్మనే మా అభిప్రాయం. మేము ఆక్షేపించేది ఒక్క అలవాటును. ఆ కథలలో నాట్యమాడే స్త్రీ కనిపించిందంటే, ఆమె చచ్చి దయ్యమైనదై ఉండాలి, లేదా దయ్యం పట్టినదై ఉండాలి. గురువు వద్ద నేర్చుకొని, కాలు వాచి, మరునాడు మళ్లీ లేచి నేర్చుకొనే నర్తకికి వాటిలో చోటు లేదు.

ఈ అలవాటుకు మనమంతా ఎరిగిన ఉదాహరణ ‘చంద్రముఖి’. దానికి మూలం 1993లో ఫాజిల్ దర్శకత్వంలో వచ్చిన మలయాళ చిత్రం ‘మణిచిత్రతాళు’. అదే కథ 2004లో కన్నడంలో ‘ఆప్తమిత్ర’గా, 2005లో తమిళంలో ‘చంద్రముఖి’గా, 2007లో హిందీలో ‘భూల్ భులయ్యా’గా అవతరించింది. తెలుగువారు తమిళ చిత్రపు అనువాదాన్ని ఆదరించడమే గాక, 2010లో ‘నాగవల్లి’ అనే తరువాయి కథను కూడా చూశారు. ప్రభువు తెచ్చి ఇంట పెట్టుకొన్న నర్తకి, ఆమె ప్రేమించిన నర్తకుడు, హత్య, మూతపడిన గది. తరాలు గడిచాక ఆ ఇంటికి వచ్చిన కోడలు తానే ఆ నర్తకినని భ్రమపడడం - ఇదీ కథ. ఇందులో ఒక విచిత్రం ఉంది. మలయాళ కథలో ఆ నర్తకి తంజావూరు తమిళురాలు. కన్నడ, తమిళ కథలలో ఆమె తెలుగు మనిషి. తమిళ చిత్రంలో ఆమె పాడేది తెలుగు పాట. హిందీలో ఆమె బెంగాలీ. దయ్యం ఎప్పుడూ పొరుగింటి భాషే మాట్లాడుతుందన్నమాట! ఆ నర్తకిని తమ ఇంటి ఆడపిల్లగా ఒప్పుకోవడానికి ఏ భాషవారికీ మనసు రాలేదు.

తిరుపతిలో నాట్యం అభ్యసిస్తున్న మా పూర్వ విద్యార్థిని ఒకామెకు ఇటువంటి నవలిక ఒకటి ఇచ్చి అభిప్రాయం అడిగాము. దయ్యాలున్నాయా, లేవా అన్న చర్చ ఆమెకు పట్టలేదు. “ఆ దయ్యానికి అరమండి ఎవరు నేర్పినారు సార్?” అని మాత్రం అడిగింది.

హాస్యంగా తోచే ఈ ప్రశ్నలో నర్తకి దృష్టి అంతా ఉంది. మోకాళ్లు పక్కలకు వంచి, వెన్ను నిలిపి, సగం కూర్చున్నట్టు నిలవడం అరమండి. తొడలు వణకకుండా అందులో నిలవడానికే కొత్తగా చేరిన పిల్లకు నెలలు పడుతుంది. ఆ మీదట అడవులను మూడు కాలాలలో, గురువు కర్రతో వేసే తాళానికి తప్పకుండా వేయాలి. కాలు తాళాన్ని, చేయి ముద్రను, ముఖం భావాన్ని ఒకేసారి మోయాలి. కూచిపూడి తరంగంలో ఇత్తడి పళ్లెం అంచు మీద పాదాలుంచి కదిలే నర్తకిని చూసినవారికి ఏదో శక్తి ఆవహించిందనే తోస్తుంది. ఆవహించినది వేలసార్లు చేసిన ఒకే కదలిక. కథలో చివరకు వైద్యుడు వచ్చి ఇది దయ్యం కాదు, మానసిక వ్యాధి అని తేల్చినంత మాత్రాన చిక్కు విడిపోదు. దయ్యం నేర్పలేని విద్యను వ్యాధి మాత్రం ఎలా నేర్పుతుంది? ‘మణిచిత్రతాళు’లో గంగ సాధన లేకుండానే నర్తకి అయింది. ఆ పాత్ర ధరించి జాతీయ ఉత్తమ నటి పురస్కారం పొందిన శోభన మాత్రం చిన్ననాటి నుంచి భరతనాట్యం నేర్చినవారు. దయ్యం పేరు చెప్పి మనం చప్పట్లు కొట్టినది ఆమె సాధనకే.

పూనకం మన సీమకు కొత్తది కాదు. తిరుపతి గంగమ్మ జాతరలో బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలు ఏటేటా చూస్తూనే ఉన్నాము. చిత్తూరు ప్రాంతపు ద్రౌపదమ్మ గుళ్ల వద్ద భారతం జరిగే రోజులలో పగలు హరికథ, రాత్రి వీధినాటకం. దుర్యోధన వధనాడు నేల మీద మట్టితో చేసిన పెద్ద బొమ్మ చుట్టూ జనం మూగినప్పుడు పూనకం వచ్చేవారు ఉంటారు. అయితే ఊరివారికి తేడా తెలుసు. పూనినవారికి పసుపునీళ్లు ఇచ్చి, వేపమండలు చేతపెట్టి, మొక్కుకొంటారు. పద్యం తప్పిన వేషగాణ్ణి మాత్రం ముందువరుసలోని ముసలాయన అక్కడికక్కడే పట్టుకొంటాడు. భక్తికి పెట్టే పరీక్ష వేరు, విద్యకు పెట్టే పరీక్ష వేరు. చదువురాని పల్లెవారు పాటించే ఈ విచక్షణ మన నవలారచయితలకు ఎందుకు కొరవడిందో తెలియదు.

వేదాంతం సత్యనారాయణ శర్మ (1935-2012) పురుషుడై పుట్టి సత్యభామగా, ఉషగా దశాబ్దాల తరబడి ఆడారు. తెర మీదుగా పొడుగాటి జడ వేసి సభను సవాలు చేసే భామాకలాప ప్రవేశం కూచిపూడివారి సొత్తు. రంగు పూసుకొన్నంతసేపు స్త్రీ, ముఖం కడుక్కొంటే తిరిగి పురుషుడు. ఇంతకు మించిన పరకాయ ప్రవేశం ఏ నవలలో ఉంది? దానికి భూతవైద్యుని అవసరం ఏనాడూ రాలేదు. (మన కథల దయ్యానికి పాపం జడ అల్లుకొనే తీరిక కూడా ఉండదు!)

ఈ రోగం మనదొక్కరిదే కాదు. ఐరోపా బాలే నృత్యంలో 1841లో పారిస్‌లో ప్రదర్శితమైన ‘జిసెల్’ ప్రసిద్ధం. పెళ్లికి ముందే మరణించిన కన్యలు అడవిలో రాత్రివేళ లేచి, చిక్కిన మగవాణ్ణి చచ్చేదాకా ఆడిస్తారు. 1845లో ఆండర్సన్ రాసిన ఎర్రబూట్ల కథలో బూట్లే పిల్లను ఆడిస్తాయి. నేటికీ ఆంగ్లంలో యువతకై వచ్చే నవలలలో బాలే పాఠశాల, శాపం, పాత నర్తకి ఆత్మ తరచుగా కలిసే ఉంటాయి. ఆ నర్తకీమణుల చరిత్రలోని అసలు భయం మరొకచోట ఉంది. పారిస్ నర్తకి ఎమ్మా లివ్రీ 1862లో అభ్యాసం చేస్తుండగా పల్చని పావడాకు గ్యాసుదీపపు మంట అంటుకొంది. నెలల తరబడి బాధపడి 1863లో, నిండు యౌవనంలో, ఆమె కన్నుమూసింది. మంట అంటుకోకుండా మందులో ముంచిన బట్టలు అప్పటికే ఉన్నాయి. అవి బిరుసుగా, వెలిసినట్టు ఉంటాయని ఆమె కట్టలేదు. రంగస్థలం మీద బరువులేని తెల్లని ఆకారంగా తేలిపోవాలన్న నాటి అభిరుచికి ఒక పిల్ల చెల్లించిన మూల్యం అది. చంద్రముఖిని కూడా కథలో సజీవంగా కాలుస్తారు. నిప్పు పెట్టిన ప్రభువును చూసి కాక, కాలిన ఆమెను చూసి మన పిల్లలు జడుసుకొంటున్నారు.

తమిళ దేశంలో ఒక తెలుగు వారకాంత నిజంగా ఎలా బతికిందో తెలియగోరేవారు ముద్దుపళనిని చదవాలి. 18వ శతాబ్దిలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ఉండి ఆమె ‘రాధికా సాంత్వనము’ రచించింది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని పరిష్కరించి ప్రకటిస్తే ప్రభుత్వం నిషేధించింది; 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. మన ఉర్దూ విద్యార్థులకు మహ్ లఖా బాయి చందా (1768-1824) పేరు తెలిసి ఉండాలి. హైదరాబాదులో ఆమె నర్తకి, గజళ్ల దివాను గల కవయిత్రి, జాగీరుదారు. మౌలాలి కొండ దిగువన ఆమె సమాధి ఉంది. గోలకొండ చూడబోయిన మన విద్యార్థులు మాత్రం తారామతి ఆత్మ రాత్రిళ్లు ఆడుతుందన్న ముచ్చటను తప్ప మరొకటి మోసుకొని రారు. అంతదూరమెందుకు? తిరుమల తిరుపతి శాసనాలలో ఆలయ నర్తకీమణులు దాతలుగా, తమ పేర కైంకర్యాలు ఏర్పరచినవారుగా కనిపిస్తారు.

ఆ స్త్రీల బతుకు సుఖమని మేము అనడం లేదు. బాలికలను గుడికి అంకితం చేయడాన్ని 1947లో మద్రాసు రాష్ట్రం చట్టం చేసి నిషేధించవలసి వచ్చింది. అందుకు తగిన కారణాలున్నాయి. ఆ అన్యాయాన్ని రాయదలచిన విద్యార్థి మనిషినే రాయాలి. మనిషి న్యాయం అడుగుతుంది. ఆమెకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. దయ్యం పగ మాత్రమే అడుగుతుంది. దాన్ని వదిలించుకొంటే కథ ముగిసినట్టే.

ఇదంతా పుస్తకాలతో పోయే ముచ్చటైతే ఇంతగా రాయకపోదుము. ఆడపిల్ల సొమ్మసిల్లి పడితే ఒక ఇంట జిన్ను అంటారు, మరొక ఇంట గాలి సోకిందంటారు. డాక్టరు వద్దకు చేరేసరికి రెండు రోజులు గడుస్తాయి. మన వార్షికోత్సవంలో కూడా కొన్నేళ్లుగా జుట్టు విరబోసుకొన్న చంద్రముఖి తప్పనిసరి అయింది. ఆ అరుపులు విని, నాట్యాన్నే కార్యక్రమం నుంచి తొలగిస్తే బాగుండునని కమిటీలో కొందరు పెద్దలు అనుకొంటున్నట్టు విన్నాము. నాట్యం సమ్మతమా కాదా అని మా మతస్థులలో ఉన్న చర్చ మాకు తెలియనిది కాదు; ఇష్టంలేని విద్యార్థినిని ఎవరూ నిర్బంధించరు. కాని నేర్చుకోగోరే పిల్లలు ఉన్నారు. వారికి నేర్పేవారు లేకనే సినిమా చూసి ఆడుతున్నారు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉంది. ఏర్పేడుకు అది బస్సులో గంటలోపు దూరం. అక్కడ చదివినవారిలో ఒకరిని వారానికి రెండు సాయంకాలాలు పిలిపించవలసిందని కమిటీవారిని కోరుతున్నాము. తరగతులు ముగిశాక సమావేశ మందిరం ఖాళీగానే ఉంటోంది.

వచ్చే సంచికకు కథల పోటీ పెట్టదలచాము. దయ్యం ఉండవచ్చు. నర్తకి కూడా ఉంటే మాత్రం, ఆమెకు నేర్పిన గురువు ఎవరో, ఎన్నేళ్లు నేర్చిందో కథలో తెలియాలి. కథలు తెలుగులోనైనా, ఉర్దూలోనైనా రాసి మా శాఖలో అందజేయవచ్చు.