కడలి దాటితే కర్మ తీరునా?

అనుశాసన పర్వంలో అంపశయ్యపైనున్న భీష్మాచార్యులు ధర్మరాజుకు అహింసను బోధిస్తూ ఒక ధర్మసూక్ష్మాన్ని విప్పి చెబుతారు. జీవహింస పాపం చంపినవానికే పరిమితం కాదట. తెచ్చినవానికి, సమ్మతించినవానికి, కొన్నవానికి, అమ్మినవానికి, వండినవానికి, తిన్నవానికి కూడా అందులో పాలున్నది. ప్రాణమున్న పశువును ఓడకెక్కించి పరదేశపు కబేళాకు పంపేవానిని కూడా ఈనాడు ఆ వరుసలోనే చేర్చవలసి ఉన్నది.

ఆ ప్రయాణమెంత దారుణమో లోకం చూడనిది కాదు. 2003లో ఆస్ట్రేలియా నుంచి సుమారు 57 వేల గొర్రెలతో బయలుదేరిన కార్మో ఎక్స్‌ప్రెస్ ఓడను, మందలో రోగమున్నదంటూ సౌదీ అరేబియా తిప్పి పంపింది. దింపుకునే దేశం దొరకక ఆ మూగజీవాలు వారాల తరబడి నీటిపైనే అలమటించాయి. చివరకు ఎరిత్రియా అంగీకరించేనాటికి అయిదు వేలకు పైగా మరణించాయి. 2017 ఆగస్టులో అవాసీ ఎక్స్‌ప్రెస్ ఓడలో మరో 2,400 గొర్రెలు వేడికి తాళలేక కన్నుమూశాయి. ఆగస్టు అంటే ఆస్ట్రేలియాలో చలికాలం. ఒంటినిండా ఉన్నితో ఓడెక్కిన జీవాలు రెండు మూడు వారాలలో గల్ఫ్ మండుటెండలో పడతాయి. కదలడానికి చోటుండదు; తమ మలమూత్రాల ఆవిరినే పీల్చాలి. 2019 నవంబరులో రుమేనియా తీరంలో క్వీన్ హింద్ ఓడ ఒరిగిపోగా, అందులోని 14 వేలకు పైగా గొర్రెలలో ప్రాణాలతో మిగిలినవి మూడు వందలు కూడా లేవు.

పసుపు కుంకుమలతో పశువును పూజించే ఆచారం లేని దేశాలే ముందు మేల్కొన్నాయి. న్యూజిలాండ్ 2023లో పశువుల సముద్రపు ఎగుమతిని నిలిపివేసింది. వధ కోసం పశువులను విదేశాలకు పంపడాన్ని నిషేధిస్తూ 2024లో బ్రిటన్ చట్టం చేసింది. ఓడలపై గొర్రెల ఎగుమతి 2028 మే 1 నుంచి ఆగిపోయేలా అదే ఏడాది ఆస్ట్రేలియా శాసించింది.

మన దేశంలో 2023 జూన్‌లో సజీవ పశువుల ఎగుమతికి వీలిచ్చే బిల్లు ముసాయిదాను కేంద్రం ప్రకటించి, విమర్శలు వెల్లువెత్తగా ఆ నెలలోనే ఉపసంహరించుకున్నది. సంతోషమే. అయితే ఉపసంహరణ నిషేధం కాజాలదు. పైగా మన ఆగ్రహం గోవు దగ్గరే ఆగిపోతున్నది. గొర్రె, మేక అనగానే మౌనం వహిస్తున్నాము. స్వర్గద్వారం వద్ద ధర్మరాజు విడువనన్నది కుక్కను!

గొర్రెల కాపరుల బతుకేమిటని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. వారికి మేతభూమి, పశువైద్యం, గిట్టుబాటు ధర కల్పించవలసిన బాధ్యత ప్రభుత్వానిది. ఆ బాధ్యతను ఓడలకు అప్పగించడం తగదు. ఓడలో మాంసాన్నే పంపరాదా అంటే, అది మేము ఇచ్చే సలహా కాదు. కానీ మాంసం కొనేవాని కోసం ప్రాణమున్న జీవిని వారాల తరబడి హింసించనక్కరలేదన్నది వ్యాపారులకూ తెలుసు.

గొర్రెలు, మేకలతో సహా ఏ పశువునూ వధ నిమిత్తం దేశం దాటించరాదని పార్లమెంటు స్పష్టమైన చట్టం చేయాలి. మరో ముసాయిదా వచ్చేదాకా వేచి ఉండకుండా ఆలయ కమిటీలు, భజన మండళ్లు, గోశాలల నిర్వాహకులు తమ ఎంపీలకు ఇప్పుడే లేఖలు రాయాలి. ఆ లేఖలలో గోవుతోపాటు గొర్రె పేరు, మేక పేరు కూడా ఉండాలి.