నవ్వించే నటుడికి నెల జీతం

1884లో తుమకూరు జిల్లా గుబ్బిలో చన్నబసవేశ్వర నాటక కంపెనీ మొదలైంది. ఆ మరుసటి ఏడాదే కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు 'కీచకవధ' ఆడించడంతో సురభి నాటక సమాజానికి శ్రీకారం పడింది. ఏడాది తేడాతో పుట్టిన ఈ రెండు కంపెనీలూ పాటల నాటకాలతోనే బతికాయి, ఊరూరా తిరిగాయి, తరాల తరబడి కుటుంబాలకు కుటుంబాలనే రంగస్థలానికి ఇచ్చాయి. కానీ హాస్యనటుడి దగ్గరకు వచ్చేసరికి కన్నడ, తెలుగు రంగస్థలాలు చెరో దారి పట్టాయి. అక్కడ హాస్యనటుడి పేరు చెప్పి టికెట్లు అమ్మారు. మనకు నాటకమంటే పద్యం, నటుడంటే రాగం తీసేవాడు. హాస్యం పద్యానికీ పద్యానికీ మధ్య ఊపిరి పీల్చుకునే జాగా అయింది. మనవాళ్లకు ప్రతిభ తక్కువై ఇలా జరగలేదు. నవ్వించే నటుడు ఒకే జట్టుతో, ఒకే నాటకాన్ని, మారే ప్రేక్షకుల ముందు వందలసార్లు ఆడితేనే తయారవుతాడు. అలాంటి ఏర్పాటు మన దగ్గర సురభి దాటి ఎక్కడా నిలబడలేదు. తెలుగులో రంగస్థల హాస్యం మళ్లీ లేవాలంటే పోటీలకూ సన్మానాలకూ పెడుతున్న డబ్బులో కొంత నటుల జీతాలకు మళ్లించాలి.

హాస్యనటుడు అలా ఒకే జట్టులోనే తయారవుతాడనడానికి గుబ్బి వీరణ్ణ జీవితమే మొదటి సాక్ష్యం. 1891లో పుట్టి, పసితనంలోనే కంపెనీలో చేరి, తర్వాత దానికి యజమాని అయిన మనిషి ఆయన. 1934లో 'కురుక్షేత్ర' నాటకానికి ఏనుగులను, గుర్రాలను రంగం మీదికి తెచ్చిన ఘనత ఉన్నా, జనం గుండెల్లో నిలిచింది మాత్రం 'సదారమె' నాటకంలో దొంగ వేషంతో. 1935లో అది సినిమా అయినప్పుడూ ఆ దొంగ ఆయనే. ఒక హాస్యపాత్ర ఏళ్ల తరబడి నటుడి ఒంట్లో ఇంకడమంటే ఏమిటో కాస్త దగ్గరగా చూడాలి. నవ్వొచ్చే మాట అన్నాక ఎంతసేపు ఆగాలో నాటకం పుస్తకంలో ఉండదు. హాలంతా గొల్లుమంటున్నప్పుడే తర్వాతి మాట అనేస్తే అది ఎవరికీ వినపడదు. నవ్వు పూర్తిగా ఆగేదాకా చూస్తూ ఉంటే సన్నివేశం చల్లబడిపోతుంది. నవ్వు తగ్గుముఖం పట్టే ఆ కొస పట్టుకోవాలి. పాటల నాటకంలో ఈ లెక్క ఒక్కడి చేతిలో ఉండదు. వేదిక పక్కన కాలితో తొక్కుతూ హార్మోనియం వాయించే మనిషి అప్పటిదాకా శ్రుతి నిలిపి ఉంచాలి, తబలా సరిగ్గా ఆ అదను చూసి పాట ఎత్తుకోవాలి, ఎదుటి పాత్ర తాను నవ్వకుండా, తొందరపడకుండా నిలబడాలి. వీరణ్ణ ఆ రాత్రి ఒక మాట కొత్తగా అంటే దాన్ని అందుకొని తిప్పికొట్టే తోటినటి ఉండాలి. అలాంటి జతను రిహార్సల్ గదిలో వారం పది రోజుల్లో తయారుచేయలేం.

రెండో సాక్ష్యం మాస్టర్ హిరణ్ణయ్య. మైసూరులో పుట్టిన నరసింహమూర్తి, 1953లో తండ్రి కె. హిరణ్ణయ్య పోయాక ఆయన నాటక కంపెనీ మిత్రమండలి బరువు నెత్తికెత్తుకొని, 2019లో బెంగళూరులో కన్నుమూసేదాకా రంగస్థలాన్నే నమ్ముకున్నారు. 'లంచావతార' ఆయన చేతిలో దశాబ్దాల పాటు ఆగకుండా ఆడింది. కథ అదే, పాత్రలు అవే, కానీ ఆ ఉదయం పేపర్లో వచ్చిన కుంభకోణం ఆ సాయంత్రానికి సంభాషణల్లోకి వచ్చేసేది. మంత్రుల్నీ అధికారుల్నీ పేరు పెట్టి కడిగేసే ఆ ధైర్యం వెనక తన జట్టు మీద ఆయనకున్న నమ్మకం ఉంది. ఎక్కడ దారి తప్పినా తిరిగి కథలోకి లాక్కొచ్చే తోటినటులు ఉన్నారు కాబట్టే అంత దూరం వెళ్లగలిగారు. పక్కనే మహారాష్ట్రలో చూడండి. పాడే గొంతు, హాస్యం రెండూ కలిసిన ప్రశాంత్ దామ్లే 2022 నవంబరులో 12,500వ ప్రదర్శన పూర్తిచేశారు. టికెట్టు కొని నాటకం చూసే అలవాటు, ఒకే నాటకాన్ని ఏళ్ల తరబడి ఆడించే నిర్మాతలు ఉన్నచోటనే అలాంటి అంకె సాధ్యం.

మన దగ్గర జరిగింది వేరు. పద్యనాటకం వెలిగిన రోజుల్లోనే కాంట్రాక్టర్లు వచ్చారు. పేరున్న నటులను ఊరికొకరిగా పిలిపించి, రిహార్సల్ లేకుండా రాత్రికి రాత్రి నాటకం కట్టించారు. ఒకే నాటకంలో మొదటి కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు వచ్చి పాడి వెళ్లేవారు. పద్యానికి ఆ పద్ధతి సరిపోయింది, ఎందుకంటే పద్యం ఒక్కడు పాడేది. హాస్యానికి అది విషమైంది. ఎదుటివాడు ఏమంటాడో తెలియని రాత్రి నటుడికి చేతిలో ఉన్న సులువైన ఆయుధం బూతు. 'చింతామణి'లో సుబ్బిశెట్టి పాత్ర అలాగే చెడింది. వేశ్యావ్యసనం కొంపలు ఎలా కూలుస్తుందో చూపించడానికి కాళ్లకూరి నారాయణరావు రాసిన నాటకం అది. పోనుపోను సందేశం పక్కకుపోయి, జాతర్లలో ఒకటి రెండు సన్నివేశాలే మిగిలి, అందులో ద్వంద్వార్థాలు చేరి, చివరికి ఒక సామాజిక వర్గం మనసు నొచ్చుకొనే స్థితి వచ్చింది. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. వారి బాధ న్యాయమైనదే. కానీ రచన మీద వేసిన ఆ శిక్ష రచన చేసిన తప్పుకు పడింది కాదు. నటుడికి స్వేచ్ఛ ఇస్తే బూతే వస్తుందని వాదించేవారికి నా జవాబు ఇదే. హిరణ్ణయ్యకు ఉన్నంత స్వేచ్ఛ మన సుబ్బిశెట్టికి ఎప్పుడూ లేదు. ఆయనకు కంపెనీ ఉంది, కంపెనీకి కాపాడుకోవాల్సిన పేరు ఉంది. ఒక్క రాత్రికి వచ్చిపోయేవాడికి ఆ రెండూ లేవు.

1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్ పుట్టాక మంచి రచనలు వచ్చాయి, మంచి దర్శకులు వచ్చారు. ఆ మేలు చిన్నది కాదు. అయితే పోటీ నాటకం న్యాయనిర్ణేతల ముందు ఒకసారి, మరో ఊళ్లో ఇంకోసారి ఆడి అటకెక్కుతుంది. విషాదం ఆ లెక్కలో నెగ్గుకొస్తుంది. హాస్యానికి మాత్రం మార్కులు వేసే ముగ్గురు చాలరు, పగలబడి నవ్వే మూడువందల మంది కావాలి. సినిమా, టీవీ వచ్చాక రంగస్థల హాస్యం ఎవరికి కావాలి అనే మాటా వినిపిస్తుంది. బాదామి దగ్గర బనశంకరి జాతరకు వెళ్తే ఈ మాట నిలబడదు. అక్కడ ఏటా కంపెనీలు డేరాలు వేసి రోజూ హాస్యనాటకాలే ఆడుతున్నాయి, జనం డబ్బిచ్చే చూస్తున్నారు. బెంగళూరు జేపీ నగర్‌లో 2004లో మొదలైన రంగశంకర, రోజుకో నాటకం అనే పట్టుదలతోనే కొత్త ప్రేక్షకులను తయారుచేసుకుంది.

దీనికంటే గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. కంపెనీ బతుకు పూలపాన్పు కాదు. వాన పడితే పస్తు, పిల్లలకు బడి లేదు, ముసలితనంలో దిక్కు లేదు. దాన్ని మళ్లీ తెమ్మనడం క్రూరత్వం కాదా? అవును, ఉన్నదున్నట్టుగా తెస్తే క్రూరత్వమే. కానీ కర్ణాటక ఆ చిక్కుకు ఒక దారి కనిపెట్టింది. పిల్లవాడిగా గుబ్బి కంపెనీలో చేరి అక్కడే పాట, నాటకం ఒంటబట్టించుకున్న బి.వి. కారంత్ 1989లో మైసూరు రంగాయణకు తొలి సారథి అయ్యారు. అది ప్రభుత్వ రెపర్టరీ, నటులకు నెల జీతం. అంతకు ముందే 1985లో హెగ్గోడులోని నాటక సంస్థ నీనాసం 'తిరుగాట' పేరుతో ఏటా ఒక జట్టును కట్టి ఊరూరా తిప్పడం మొదలుపెట్టింది. కంపెనీలోని క్రమశిక్షణను ఉంచుకొని ఆకలిని తీసేయడమే వీళ్లు చేసింది. 2013లో గుబ్బి వీరణ్ణ మనవరాలు బి. జయశ్రీకీ, సురభి నాగేశ్వరరావుకీ ఒకే ఏడాది పద్మశ్రీ వచ్చింది. గౌరవం సమానంగానే దక్కింది. మన రెండు తెలుగు ప్రభుత్వాలూ జీతమిచ్చి నడిపే రెపర్టరీ మాత్రం ఇంకా రాలేదు.

బెంగళూరు తెలుగువారు ప్రభుత్వాల కోసం ఆగనక్కర్లేదు. తెలుగు విజ్ఞాన సమితికి వయ్యాలికావల్‌లో శ్రీకృష్ణదేవరాయ కళామందిరం ఉంది. కంపెనీల్లో మిగిలిన హార్మోనిస్టులు, నాటకం తెలిసిన మేకప్ మనుషులు ఈ ఊళ్లో దొరుకుతారు. ఉగాదికి ఒక్క రాత్రి సినిమా తారలను రప్పించే ఖర్చుతో పదిమంది నటులకు కొన్ని నెలల జీతం ఇవ్వొచ్చు. ప్రతి ఆదివారం, టికెట్టు పెట్టి, అదే జట్టుతో, అదే నాటకం ఏడాది పాటు ఆడించాలి. మొదటి నెలల్లో కుర్చీలు ఖాళీగా ఉంటాయి, ఆ నష్టాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి. నాటకం ఏదంటారా? వేదం వేంకటరాయశాస్త్రి 1897లో ప్రకటించిన 'ప్రతాపరుద్రీయం' ఉంది. అందులో చాకలి పేరిగాడి వేషం ఒక మంచి హాస్యనటుడి చేతిలో పడి చాలా కాలమైంది.