చీటీ తీసి కాపలా



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో పూర్వ విద్యార్థులు రాసేవి సాధారణంగా రెండు రకాలు. ఒకటి, నీళ్ళచారు తాగి మేమెలా చదివామో చెప్పడం. రెండు, మీరూ అలాగే చదవండని చెప్పడం. రెండూ నిజాలే, ఇదివరకు రెండూ రాశాను. ఈసారి ఒక ట్రంకు పెట్టె గురించి, ఒక లెక్క గురించి రాస్తాను.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా గదిలో ఒకతని పరీక్ష ఫీజు డబ్బులు పోయాయి. స్టడీ అవర్ ఆపేసి అందరినీ వరండాలో నిలబెట్టారు. మొదట తెరిచిన పెట్టె నాది. మా నాన్న జీతగాడు, నెలకొకసారి కూడా చూడటానికి వచ్చేవాడు కాదు, నా దగ్గర చేతి ఖర్చులకు పైసా ఉండేది కాదు. కాబట్టి తీసి ఉంటే వీడే తీసి ఉండాలన్నది పెద్దవాళ్ళ లెక్క. పెట్టెలో రెండు చొక్కాలు, ఒక సబ్బుబిళ్ళ, చిరిగిన లెక్కల పుస్తకం కనపడ్డాయి. డబ్బులు దొరకలేదు. ఆ ఏడాది ఇంకో మూడుసార్లు ఎవరివో ఏవో పోయాయి. మూడుసార్లూ మొదట నా పెట్టే తెరిచారు. తీసినవాడెవడో నాకు ఇప్పటికీ తెలియదు. వాడికి మాత్రం ఒక సంగతి బాగా తెలుసు: ఎప్పుడైనా సరే ముందు ఎవరి పెట్టె తెరుస్తారో.

ఇది అవమానమని అప్పుడే తెలుసు. ఇది తప్పు లెక్క కూడా అని చాలా ఏళ్ళ తర్వాత మిలింద్ తాంబే అనే కంప్యూటర్ శాస్త్రవేత్త పని గురించి చదివినప్పుడు తెలిసింది.

తాంబే పిలానీ బిట్స్‌లో చదివి, 1991లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేశారు. చాలా ఏళ్ళు లాస్ ఏంజెలిస్‌లోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, 2019లో హార్వర్డ్‌కు వెళ్ళారు. ఆయన పట్టుకున్న ప్రశ్న చాలా మామూలుది. కాపలా కాయాల్సిన చోట్లు ఎక్కువ, కాపలావాళ్ళు తక్కువ. పైగా దొంగ ముందు రోజుల తరబడి దూరంగా నిలబడి కాపలాను గమనిస్తాడు, తర్వాతే దెబ్బ తీస్తాడు. అలాంటప్పుడు ఎవరిని ఎక్కడ, ఎప్పుడు నిలబెట్టాలి?

దీనికి ఆధారం గేమ్ థియరీ, అంటే ఆటల గణితం. గుడి అరుగు మీద మనం ఆడిన పులి మేక ఆటలో నేను ఎత్తు వేస్తే నువ్వు చూసి ఎత్తు వేస్తావు. 1934లో స్టాకెల్‌బర్గ్ అనే జర్మన్ ఆర్థికవేత్త ముందు కదిలేవాడు, వాడిని చూసి కదిలేవాడు ఉండే పోటీని వ్యాపారాల విషయంలో లెక్కగట్టాడు. తాంబే బృందం దాన్ని భద్రతకు తెచ్చింది. కాపలావాడు ముందు ఆడతాడు, దొంగ చూసి ఆడతాడు.

హైస్కూలు తమ్ముళ్ళకు కూడా అర్థమయ్యేలా మన హాస్టల్ మీదే చెబుతాను. వాచ్‌మన్ ఒక్కడే. కాయాల్సినవి రెండు, బియ్యం గది, వంటగది. దొంగకు బియ్యం గదిలో 300 రూపాయల సరుకు, వంటగదిలో 100 రూపాయల నూనె, పప్పు దొరుకుతాయనుకుందాం. కాపలా ఉన్నచోటికి వెళితే వట్టి చేతులే. వాచ్‌మన్ రోజూ బియ్యం గది దగ్గరే కూర్చుంటే దొంగ రోజూ వంటగదికే పోయి 100 పట్టుకెళతాడు. సగం రాత్రులు ఇక్కడ, సగం రాత్రులు అక్కడ అంటే దొంగ బియ్యం గదినే నమ్ముకుంటాడు. రెండుసార్లకు ఒకసారి 300 దొరుకుతుంది, రాత్రికి సగటున 150. అదే నాలుగింట మూడు రాత్రులు బియ్యం గదికి, ఒక రాత్రి వంటగదికి కేటాయిస్తే? బియ్యం గదికి వెళ్ళినవాడికి నాలుగింట ఒకసారి 300, సగటు 75. వంటగదికి వెళ్ళినవాడికి నాలుగింట మూడుసార్లు 100, సగటు మళ్ళీ 75. ఎటు వెళ్ళినా అంతే. ఇంతకంటే తక్కువకు వాడిని దించలేం.

అసలు మెలిక ఇక్కడుంది. ఆ ఒక్క రాత్రి ఏ రాత్రి? వాచ్‌మన్ పద్ధతి గల మనిషి, సరిగ్గా ప్రతి నాలుగో రాత్రి వంటగది దగ్గర కూర్చుంటాడనుకోండి. దొంగ రెండు వారాలు చూస్తాడు. మూడు రాత్రులు వంటగదిలో వందేసి, నాలుగో రాత్రి బియ్యం గదిలో 300. నాలుగు రాత్రులకు 600, అంటే సగటు 150. మనిషి అతడే, రాత్రులూ అన్నే, నిద్ర చెడగొట్టుకున్నదీ అంతే, కానీ నష్టం రెట్టింపు. అలా కాకుండా ఒక స్టీలు గ్లాసులో నాలుగు చీటీలు వేసి, మూడింటి మీద 'బియ్యం గది', ఒకదాని మీద 'వంటగది' అని రాసి, రోజూ సాయంత్రం ఒకటి తీసి చూసి మళ్ళీ గ్లాసులో వేస్తే 75 దగ్గర ఆగుతుంది. ఈ రాత్రి ఏ చీటీ వస్తుందో వాచ్‌మన్‌కే ముందు తెలియదు, ఇక దొంగకెలా తెలుస్తుంది?

ఈ స్టీలు గ్లాసునే తాంబే బృందం పెద్దది చేసింది. లాస్ ఏంజెలిస్ విమానాశ్రయం మీద దాడి చేయాలన్న ఒక పథకం 1999 డిసెంబరులో బయటపడింది. దానికి కాపలా అంటే ఆట కాదు. 2007 ఆగస్టు నుంచి అక్కడి పోలీసులు 'ఆర్మర్' అనే ప్రోగ్రాం వాడారు. పేరుకు తగ్గట్టే అది కవచం. విమానాశ్రయంలోకి వచ్చే రోడ్లలో ఏ గంటకు ఏ రోడ్డు మీద తనిఖీ పెట్టాలో, ఎనిమిది టెర్మినళ్ళలో పోలీసు కుక్కల్ని ఎప్పుడు ఎక్కడ తిప్పాలో అది చెప్పేది. ఏ చోటు ఎంత విలువైందో పోలీసులే చెప్పారు, చీటీల లెక్క ప్రోగ్రాం చూసుకుంది. తర్వాత 'ఐరిస్' అని విమానాల్లో మారువేషంలో వెళ్ళే భద్రతా సిబ్బంది కోసం, 'ప్రొటెక్ట్' అని 2011లో బోస్టన్ ఓడరేవు గస్తీ పడవల కోసం తయారుచేశారు.

చీటీలే కదా, దీనికి పీహెచ్‌డీ ఎందుకంటారేమో. వంద విమానాలు, పదిమంది సిబ్బంది ఉంటే, పదిమందిని పది విమానాల్లోకి పంచే పద్ధతులు 17 లక్షల కోట్లకు పైన. అన్ని చీటీలు రాయడానికి గ్లాసు కాదు, గోదాములు చాలవు. ఎదుటివాడు ఏ రకం మనిషో తెలియనప్పుడు లెక్క ఇంకా ముదురుతుంది. ఇంత పెద్ద లెక్కను కంప్యూటర్ త్వరగా తేల్చే పద్ధతిని 2008లో ప్రకటించిన పరిశోధకుల్లో మొదటి పేరు ప్రవీణ్ పరుచూరిది. ఆయన తాంబే దగ్గర పీహెచ్‌డీ చేసిన విద్యార్థి. తర్వాత మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీకి వచ్చి అధ్యాపకుడయ్యారు. ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. ఈ లెక్క ఎక్కడో సముద్రాల అవతలే లేదు, గచ్చిబౌలి సిటీ బస్సు దిగితే ఉంది.

ఇప్పుడు నా పెట్టె దగ్గరకు వస్తాను.

మనుషుల్ని చూసి, వాళ్ళ ఊరు, పేరు, బట్టలు చూసి తనిఖీ చేసేవాళ్ళు ఒక మాట అంటారు: "అనుభవంతో చేస్తున్నాం, మీకేం తెలుసు?" ఈ లెక్క ప్రకారం ఆ అనుభవం దొంగకు చుట్టం. ప్రతిసారీ నా పెట్టే ముందు తెరుస్తారని తెలిశాక, దొంగ చేయాల్సిందల్లా నాలాంటివాడు కాకపోవడమే. పక్షపాతం అన్యాయమని మనం ఎప్పటినుంచో చెబుతున్నాం. వినేవాళ్ళు తక్కువ. పక్షపాతం అంటే దొంగకు ముందుగా అందే టైంటేబులని చెబితే బహుశా వింటారు. చీటీకి కళ్ళుండవు. అది కులం అడగదు, చెప్పులున్నాయా లేదా అని చూడదు.

అలాగని ఈ లెక్కకు హారతి పట్టమనడం లేదు. ఆర్మర్ ఏ రోడ్డు, ఏ గంట అన్నది చెప్పింది గానీ, ఆ రోడ్డు మీద వచ్చే కార్లలో ఏ కారును ఆపాలన్న దగ్గర మళ్ళీ మనిషి కన్నే పనిచేస్తుంది. నల్లటి మొహాలు, గడ్డాలు చూసి ఆపే అలవాటును ఏ గ్లాసూ ఆపలేదు. రెండోది, బియ్యం గదికి మూడు చీటీలు, వంటగదికి ఒకటి అని రాసింది మనిషే. ఆ విలువలు తప్పయితే చీటీలూ తప్పే. మూడోది, దాడులు అరుదు కాబట్టి, జరగని దాడి ఈ లెక్క వల్లే ఆగిందని ఎవరూ గట్టిగా చెప్పలేరు. దొంగ ఎప్పుడూ కూడికలు తీసివేతలు చేసుకునే వస్తాడన్న నమ్మకమూ లేదు. ఆ సంగతి తాంబే బృందానికీ తెలుసు, బోస్టన్ లెక్కలో ఎదుటివాడు పొరపాట్లు చేసే మామూలు మనిషి అనే పెట్టుకున్నారు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అడవి. ఇదే ఆలోచనను 'పాజ్' అనే పేరుతో అడవి జంతువుల వేట ఆపడానికి తెచ్చారు. ఉగాండాలోని క్వీన్ ఎలిజబెత్ జాతీయ పార్కులో గస్తీవాళ్ళు పెద్దగా తిరగని చోట్లను ఆ ప్రోగ్రాం చూపించింది. వెళ్ళి చూస్తే దంతాలు కోసేసిన ఏనుగు కళేబరం, జింకలకు పెట్టిన ఉచ్చులు, ఏనుగుల కోసం చుట్టిపెట్టుకున్న ఉచ్చు తీగ కనపడ్డాయి. గొప్ప పనే. కాదనను. అయితే ఆ లెక్కలో 'ప్రత్యర్థి' అన్న గడిలో దంతాల వ్యాపారి ఉన్నట్టే, కూరకోసం తీగ కట్టిన పేదవాడూ ఉంటాడు. ఇద్దరికీ ఒకటే గడి. నల్లమల అంచు ఊళ్ళ నుంచి వచ్చి మనతో చదువుకున్న వాళ్ళను అడగండి, అడవిలో మొదట ఎవరు దొరుకుతారో చెబుతారు. ప్రత్యర్థి ఎవరన్నది లెక్క తేల్చదు. లెక్క మొదలు కాకముందే ఎవరో తేల్చేస్తారు. ఆ తేల్చే గదిలో మనవాళ్ళు ఉండాలి. నా మట్టుకు నాకు, మన పిల్లలు ఈ చదువులోకి వెళ్ళాలనడానికి జీతం కంటే ఇది పెద్ద కారణం.

తాంబే కూడా కాపలా దగ్గరే ఆగిపోలేదు. ముంబైలో ఆర్మ్‌మాన్ అనే స్వచ్ఛంద సంస్థ గర్భిణులకు, బాలింతలకు ఫోన్లో ఆరోగ్య సలహాలు వినిపిస్తుంది. కొన్నాళ్ళకు చాలామంది వినడం మానేస్తారు. స్వయంగా ఫోన్ చేసి మాట్లాడే కార్యకర్తలు కొద్దిమంది. ఈ వారం ఎవరికి చేయాలి? సుమారు 23,000 మంది తల్లులతో ఏడు వారాలు జరిపిన పరిశీలనలో, తాంబే బృందం లెక్క చెప్పిన వాళ్ళకు ఫోన్లు చేస్తే, వినడం తగ్గిపోవడం 30 శాతం దాకా తగ్గింది. ఇక్కడ దొంగ లేడు కాబట్టి గణితం వేరు. ఇబ్బంది మాత్రం అదే, చేతులు తక్కువ, తలుపులు ఎక్కువ.

ఇక మన సంగతి. హాస్టళ్ళ తనిఖీ ఎలా జరుగుతుందో మనకు తెలియనిది కాదు. మా రోజుల్లో అధికారి వస్తున్నారని ముందు రోజే ఫోన్ వచ్చేది. ఆ రోజు చారులో పప్పు, గుడ్డు, ఉతికిన దుప్పట్లు. రోడ్డు పక్కన ఉన్న హాస్టల్‌కు నెలకు రెండు తనిఖీలు, వాగు దాటి వెళ్ళాల్సిన హాస్టల్‌కు ఏడాదికి ఒకటి. ఇప్పుడు వేలిముద్రల యంత్రాలు వచ్చాయి, మంచిదే. కానీ ఉడకని అన్నానికి వేలిముద్ర ఉండదు.

నా ప్రతిపాదన చిన్నది. ఒక అధికారి కింద 20 హాస్టళ్ళు ఉంటే 20 పేర్లూ గ్లాసులో ఉండాలి. ప్రతి హాస్టల్‌కూ కనీసం ఒక చీటీ. ప్రహరీ గోడ లేని బాలికల హాస్టల్‌కు మూడు, పిల్లలు జబ్బుపడిన చోటికి మూడు, ఎవరూ తొంగిచూడని దూరపు హాస్టల్‌కు రెండు. ఎవరికి ఎన్ని చీటీలన్నది నోటీసు బోర్డులో అందరికీ కనపడేలా పెట్టవచ్చు, దాచాల్సిన పనే లేదు. పద్ధతి బయటపెట్టినా నష్టం రాకపోవడమే ఈ లెక్కలోని అందం. దాచాల్సింది ఆ ఉదయం వచ్చిన చీటీ ఒక్కటే, అదీ జీపు కదిలేదాకానే. చీటీ తీసే చెయ్యి ఒక విద్యార్థిది కావాలి, తొమ్మిదో తరగతి అమ్మాయి అయితే ఇంకా మంచిది.

మొన్న మన సంఘం సమావేశంలో ఈ మాట చెబితే ఒక పెద్దాయన నవ్వి, "ప్రభుత్వం చీటీల మీద నడుస్తుందా తమ్ముడూ" అన్నారు. నడవనక్కర్లేదు అన్నా. ముందు మన హాస్టల్‌లో రాత్రి కాపలాతో మొదలుపెడదాం. వాచ్‌మన్ అన్న ఒప్పుకున్నాడు. గ్లాసు వంటగదిలోనే ఉంది.