కప్పు కాలేజీకి - కూలి ఎవరికి?

ఇంటర్ కాలేజియేట్ పోటీలు ముగియగానే ఏటా ఒక తంతు జరుగుతుంది. కప్పు బీరువాలోకి వెళుతుంది. ఫోటో సావనీరులోకి ఎక్కుతుంది. ఆటగాడు ఆఖరి బస్సుకి ఊరు వెళ్ళిపోతాడు.

మా గజపతినగరం వైపు కబడ్డీ ఆటగాడొకడు నాకు తెలుసు. చంపావతి ఇసుకలో చెడుగుడు ఆడి కాళ్ళు గట్టిపరచుకున్నవాడు. సెలవురోజుల్లో కూలికి పోయి పుస్తకాలు కొనుక్కునేవాడు. పోటీల్లో మోకాలు బెణికి నెల్లాళ్ళు మంచాన పడ్డాడు. చూడబోతే ఒకటే మాట అన్నాడు: "కట్టుకి డబ్బులు మాయమ్మ ఇచ్చింది. నెల్లాళ్ళ కూలి ఎవులిస్తార్రా?"

నా దగ్గర జవాబు లేదు. మన అందరి దగ్గరా ఉండవలసిన జవాబది.

"డబ్బు ముడితే ఆట చెడుతుంది" అంటారు పెద్దలు. ఈ నీతి ఎవరిది? కూలి అక్కరలేనివారిది. ఇంగ్లండు క్రికెట్టులో 1962 వరకూ జీతం పుచ్చుకోని 'జెంటిల్మెన్' వేరు, పుచ్చుకునే 'ప్లేయర్స్' వేరు. 1936లో మన జట్టుకి కెప్టెనై ఆ దేశం వెళ్ళింది విజయనగరం రాజకుమారుడు విజ్జీ. ఆయనకంటే ఎన్నోరెట్లు మేటి అయిన సి.కె. నాయుడు అదే జట్టులో మామూలు సభ్యుడు! కలిగినవారికి ఆట వినోదం. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ పిల్లలకి అది బతుకుదారి. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో రజతం తెచ్చింది. బరువెత్తే ఒంటికి గుడ్డూ పాలూ కావాలి. అవి ఉత్త చప్పట్లకి రావు.

అమెరికాలో యూనివర్సిటీ ఆటలంటే పెద్ద వ్యాపారం. టిక్కెట్లు, టెలివిజన్ హక్కులు, కోచ్‌లకి కోట్ల జీతాలు. ఆటగాడికి మాత్రం చాలాకాలం చదువు ఖర్చులూ, తిండీ, బసతో సరి. 2021లో తన పేరూ బొమ్మా వాడుకునే కంపెనీల నుంచి సొమ్ము పుచ్చుకునే వీలు దొరికింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో, ఒక్కో యూనివర్సిటీ ఏడాదికి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు ఆటగాళ్ళకి పంచవచ్చు. అయితే అందులో సింహభాగం ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ కుర్రాళ్ళకే పోతోందని అక్కడి ఆడపిల్లలు అడుగుతున్నారు. ఆ గుణపాఠమూ మనం నేర్చుకోవాలి.

"మన కాలేజీ ఆటలకి టిక్కెట్టెక్కడిది, వాటా ఎక్కడిది?" అనవచ్చు. నిజమే. ఖేలో ఇండియా పథకంలో ఎంపికైనవారికి నెలకు 10 వేల రూపాయల చేతిఖర్చు ఉంది. మరి ఎంపిక కానివారో? ఏటా మనం కట్టే గేమ్స్ ఫీజు ఎటు పోతోంది? మైదానం చుట్టూ కట్టే బట్టలకొట్ల బ్యానర్ల డబ్బు ఎవరిది?

మెరిట్ స్కాలర్‌షిప్ పుచ్చుకున్నవాణ్ణి చదువు అమ్ముకున్నాడని ఎవరూ అనరు. ఆటగాడు అడిగితేనే అమ్ముకున్నట్టా?

జీతాలు అడగడం లేదు. గేమ్స్ ఫీజు లెక్క నోటీసుబోర్డు మీద పెట్టండి. క్యాంపు రోజులకీ, పోటీ రోజులకీ వ్యవసాయ కూలికి తగ్గని బత్యం ఇవ్వండి. దెబ్బ తగిలితే వైద్యం కాలేజీ భరించాలి. బ్యానర్ల సొమ్ములో ఆటగాళ్ళకి నికరమైన వాటా ఉండాలి. అది క్రికెట్టుకీ కబడ్డీకీ, మగపిల్లలకీ ఆడపిల్లలకీ సమానంగా అందాలి.

మిత్రులారా! వచ్చే ఏడు కప్పుతో ఫోటో దిగేముందు, ఆ కుర్రాడి ప్రశ్నకి జవాబు చెప్పి మరీ దిగుదాం.