ట్రాక్టరు డీజిలుకు లెక్క యుండవలదా?

రైతు సోదరులారా, మన పెద్దలు కోడెలను ఎట్లు కొనుచుండిరో మీకందఱికిని తెలిసినదే. పండ్లు చూచుచుండిరి, గిట్టలు చూచుచుండిరి, కాడి గట్టి నాలుగు చాళ్లు తోలి నడక చూచుచుండిరి. మేత యెంతయో, పని యెంతయో తేల్చుకొనక బేరము తెంపువారు కారు. నేడు ఆ కోడెల జతకంటె ఎన్నోరెట్లు వెలగల ట్రాక్టరును కొనుచు, మనము దాని రంగును, ప్రక్కింటివారి ట్రాక్టరునకు ఎన్ని గుఱ్ఱముల బలమున్నదను మాటను మాత్రమే చూచుచున్నాము. గంటకెంత డీజిలు త్రాగునని యడుగువారు అరుదు. అడిగినవారును అమ్మువాని నోటిమాటతోనే తృప్తి పొందుచున్నారు. రుద్రంగి ప్రాంతమున వరి, మక్క, పత్తి పండించు మన సంఘసభ్యుల క్షేమమును గోరి, ఈ విషయమున మాకు తోచిన నాలుగు మాటలు విన్నవింపదలచితిమి.

ముందుగా మా తప్పును ఒప్పుకొనుట న్యాయము. కొన్ని యేండ్ల క్రిందట ఒక చేనిలో విత్తనపు గొఱ్ఱు పనితీరును చూపుటకు పోయితిమి. రైతులు చుట్టును జేరిరి. మేము ముప్పావు గంటసేపు సాళ్ల యెడమును గూర్చియు, విత్తన మోతాదును గూర్చియు చెప్పుచుంటిమి. అంతసేపును ట్రాక్టరు మా వెనుక ఊరకే మ్రోగుచునేయుండెను. గట్టుపై గూర్చున్న యొక ముసలవ్వ తుదకు విసుగుచెంది, "సారూ, గా ఇంజను ఊకెనే మొత్తుకుంటాంది గదా, డీజిలు నీదా నాదా?" అని యడిగెను. అందఱును నవ్విరి. మాకు మాత్రము నవ్వు రాలేదు. చిన్ననాడు మిషను బడి వసతిగృహమున ప్రతి శనివారమును మాచేత పైసలతో సహా ఖర్చు వ్రాయించి, లెక్క కుదరనిదే లేవనీయని ఉపాధ్యాయులవారు జ్ఞప్తికి వచ్చిరి. లెక్క నేర్చిన మాకంటె నేర్వని యవ్వకే లెక్క బాగుగా తెలిసియుండెను.

ఆ ప్రశ్నకు జవాబు అంకెలలో చూతము. దేశమున చమురు పొదుపును ప్రబోధించుటకై 1978లో ఏర్పడిన పెట్రోలియము కన్సర్వేషన్ రీసెర్చి అసోసియేషను వారు, పనిలేక ఊరక నడచు ట్రాక్టరు గంటకు లీటరునకు పైగా డీజిలును వృథా చేయునని రైతులను హెచ్చరించుచున్నారు. దినమునకు అరగంట చొప్పున, సంవత్సరమున 200 పనిదినములు ఊరక నడపితిమేని 100 గంటలు, అనగా 100 లీటర్లు. లీటరు 95 రూపాయలుగా లెక్కించిన 9,500 రూపాయలు. ఒక యెకరమునకు ఎరువు ఎంత పడునో, ఆ సొమ్ముతో ఎన్ని సంచులు వచ్చునో మీరే లెక్కించుకొనుడు. కూలీలు వచ్చువఱకు, ట్రాలీ నిండువఱకు, ధాన్యపు కాంటా యొద్ద వంతు వచ్చువఱకు ఇంజనును ఆపివేయుటకు చదువు అక్కఱలేదు. ఎండలో కాడి క్రింద ఎడ్లను ఊరక నిలుపని మన తాతల బుద్ధి చాలును.

ఇక నడుపుటలోని మెలకువలు. తేలికపని చేయునప్పుడు, అనగా గుంటక తోలునప్పుడో, ఖాళీ ట్రాలీ లాగునప్పుడో, పై గేరు వేసి త్రాటిలు తగ్గింపవలెను. క్రింది గేరులో ఇంజనును అఱపించుచు పోవుట గొప్ప కాదు, దండుగ. బరువుపనిలో ఇంజను ముక్కుచు నల్లని పొగ గ్రక్కుచున్నయెడల అది మోయలేని బరువును మోయుచున్నదనియో, గాలి వడపోత మూసికొనిపోయినదనియో గ్రహింపవలెను. అప్పుడు క్రింది గేరునకు దిగుటయే మేలు. నీలిపొగ వచ్చినచో ఇంజనునూనె కాలిపోవుచున్నదని గుర్తు. పొగ ఇంజను చెప్పుకొను బాధ. దానిని వినక మఱింత త్రాటిలు త్రొక్కువాడు రోగికి వైద్యము మాని పరుగు నేర్పువానివంటివాడు.

పత్తి చేల దుమ్ములో పనిచేయునప్పుడు గాలి వడపోతను ప్రతిదినమును చూడవలెను. మడి పొడవు వెంబడి దున్నవలెనేకాని అడ్డముగా కాదు. మలుపులలో నాగలి పైకి లేచియుండును, డీజిలు మాత్రము కాలుచునేయుండును. అరిగిన నాగలి కఱ్ఱులును, మొద్దువాఱిన రోటావేటరు బ్లేడులును ఇంజనుచేత రెట్టింపు చాకిరి చేయించును. వెనుక టైర్ల పట్లు అరిగిపోయినయెడల చక్రము తిరుగును గాని బండి సాగదు. వరిమడి దున్నునప్పుడు, దీనినే మనవైపు కరిగెట్టు అందుము, ఈ జారుడు మిక్కుటమగును. టైర్లలో గాలి యెంత యుండవలెనో కంపెనీవారిచ్చిన చేపుస్తకమున వ్రాసియుండును. ఆ పుస్తకము మన యిండ్లలో బీరువా అడుగునకు పోవుచున్నది. ట్యాంకును సాయంకాలమే నింపినచో రాత్రి చలికి లోపల చెమ్మ చేరదు. డీజిలు గొట్టపు జాయింటునుండి చుక్కలు కాఱుచున్నట్లు తోచిన, ఒక రాత్రి దానిక్రింద గిన్నె నుంచి తెల్లవాఱి కొలిచిచూడుడు. చుక్క యని తేలికగా అనుకొన్నవారికి గిన్నెయే గుణపాఠము నేర్పును.

నడపుటకంటె ముఖ్యమైనది ఎన్నుకొనుట. ఇందును మేము తప్పు చేసినవారమే. అయిదెకరముల చిన్న రైతునకొకనికి, పెద్ద ఇంజను చిరకాలము మన్నునను భ్రమతో, ఏబది గుఱ్ఱముల ట్రాక్టరును సలహా చెప్పితిమి. అతని చేనిలో అది ఏనాడును తన బలములో సగమైనను వాడుకొన్నది లేదు. పెద్ద ఇంజను చిన్నపనిలో తన్ను తాను త్రిప్పుకొనుటకే డీజిలులో చాల భాగమును తగులబెట్టును. తగిన బరువుపై పనిచేయునప్పుడే దానివలన లాభము. అతడు నేటికిని వాయిదాలు కట్టుచున్నాడు. ఆ మొగము చూచినప్పుడెల్ల మాకు తలవంపుగా నుండును.

కావున ఏమి చూచి కొనవలెను? ఇందుకు అమెరికా దేశపు రైతు చూపిన దారి యొకటి కలదు. నెబ్రాస్కా రాష్ట్రమున విల్మాట్ క్రోజియర్ అను రైతు కొన్న ట్రాక్టరు అమ్మినవారి మాటప్రకారము పనిచేయలేదు. ఆయన శాసనసభ్యుడు కూడను. తన నష్టమును తిట్టుకొని ఊరకుండక, 1919లో ఒక శాసనము తెప్పించెను. ఆ రాష్ట్రమున అమ్మదలచిన ట్రాక్టరును ముందు విశ్వవిద్యాలయమువారు పరీక్షింపవలెను. కంపెనీ చెప్పిన బలము ఉన్నదో లేదో, ఎంత ఇంధనము కాల్చునో కొలిచి ప్రకటింపవలెను. 1920లో మొదలైన ఆ నెబ్రాస్కా పరీక్షలు లోకప్రసిద్ధములైనవి. ఒక రైతు మోసపోయి అడిగిన ప్రశ్న ఎందఱో రైతులను మోసమునుండి కాపాడినది.

అట్టి పరీక్ష మన దేశమున లేదని యెవరును అనుకొనవలదు. మధ్యప్రదేశమున బుధ్నీయందు 1955లో స్థాపింపబడిన కేంద్ర వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి నివేదికలు ప్రకటించుచున్నది. యంత్రములు నడుపుటయందు శిక్షణ నిచ్చు దక్షిణ ప్రాంతపు సంస్థ మన తెలుగునేలనే, అనంతపురము జిల్లా గార్లదిన్నెలో నున్నది. పరీక్షా నివేదికలో ఒక యంకె ముఖ్యముగా చూడదగినది: ఒక కిలోవాటు బలమును ఒక గంట ఇచ్చుటకు ఇంజను ఎన్ని గ్రాముల డీజిలు కాల్చును అనునది. ఒకే బలముగల రెండు ట్రాక్టర్లలో ఒకటి 250 గ్రాములును, రెండవది 280 గ్రాములును కాల్చుననుకొందము. సగటున 20 కిలోవాట్ల బరువుపై ఏడాదికి 400 గంటలు నడపినచో భేదము 240 కిలోలు, అనగా సుమారు 290 లీటర్లు. పై ధర చొప్పున 27,000 రూపాయలు దాటును. అమ్మువాడు ఉచితముగా ఇత్తునని మురిపించు ట్రాలీ హుక్కు, పైకప్పు గుడ్డ ఈ యొక్క యంకెముందు ఏపాటివి?

ట్రాక్టరునకు చెప్పిన న్యాయమే కారునకును వర్తించును. మన సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోయి, ఎండలో చెమటోడ్చి కూడబెట్టిన సొమ్ముతో కొందఱు ఇంటికి కారు కొనుచున్నారు. కొనుటను మేము తప్పుపట్టము. డీజిలు కారు చౌకగా నడచునని వినియే కొనుటను మాత్రము వారింపగోరుదుము. డీజిలు కారునకు పెట్రోలు కారుకంటె లక్ష రూపాయలు ఎక్కువ పెట్టితిమనుకొందము. పెట్రోలు లీటరు 107 రూపాయలకు 18 కిలోమీటర్లును, డీజిలు 95 రూపాయలకు 22 కిలోమీటర్లును వచ్చిన, కిలోమీటరునకు మిగులునది రూపాయి అఱువది పైసలు పైచిలుకు. ఆ లక్ష తిరిగి వచ్చుటకు సుమారు 62 వేల కిలోమీటర్లు తిరుగవలెను. నెలకు 500 కిలోమీటర్లు తిరుగువారికి పదేండ్లు దాటును. పైగా 2020 ఏప్రిలు నుండి అమలైన బి.ఎస్.6 నిబంధనల తరువాత వచ్చిన డీజిలు కార్ల పొగగొట్టములో మసిని పట్టు వడపోత యొకటి యున్నది. ఊరిలో కొద్దికొద్ది దూరములు తిరిగినచో అది తగినంత వేడెక్కక మూసికొనిపోవును. అందుచే కొద్దిగా తిరుగువారికి చిన్న పెట్రోలు కారే మేలు.

రోడ్డుపై వేగమును గూర్చి యొక మాట. గాలి యెదురు వేగపు వర్గము చొప్పున పెరుగును. గంటకు 55 కిలోమీటర్ల వేగమున ఉన్న యెదురు 80 కిలోమీటర్ల వేగమున రెండింతలు దాటును. 1973లో చమురు కరవు వచ్చినప్పుడు అమెరికావంటి సంపన్నదేశమే మఱుసటి యేడు తన రహదారులపై గంటకు 55 మైళ్ల హద్దు విధించినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున పెట్రోలు కొఱవడి మన దేశమున బస్సులను బొగ్గువాయువుతో నడిపిరి. కరవు వచ్చినప్పుడు అందఱును పొదుపరులే. నిండిన ట్యాంకు ఎదుట పొదుపు చేయువాడే గృహస్థు. ఒక్క మనిషి టీ త్రాగుటకు ట్రాక్టరుపై అంగడికి పోవుట మన యూళ్లలో నిత్యము చూచుచున్నదే. సైకిలు పని సైకిలుకే విడువవలదా?

కొందఱు మిత్రులు రెండు ఆక్షేపణలు చెప్పుచున్నారు. రోటావేటరునకును, కరిగెట్టునకును పెద్ద ట్రాక్టరే కావలెనందురు. నిజమే. ఊరందఱికిని అద్దెకు దున్ని పెట్టువారు పెద్దదే కొనవలెను. వారి ఇంజను ఊరకుండదు. అయిదారెకరములవారు ఆ ట్రాక్టరును అద్దెకు తెచ్చుకొనుటయే తెలివి. నలుగురు కూడి యొకటి కొనుట సహకారము. నలుగురు నాలుగు కొని నాలుగింట అప్పు చేయుట పంతము.

రెండవ ఆక్షేపణ డ్రైవరును గూర్చినది. "డీజిలు మనది, త్రొక్కువాడు పరాయివాడు, వానికేమి బాధ?" అందురు. ఇందు డ్రైవరుకంటె యజమాని తప్పే హెచ్చు. ఎంత పోసితిమో, ఎన్ని యెకరములు దున్నెనో వ్రాయకయే, డీజిలు తఱిగినప్పుడెల్ల ఆ బీదవానిపై దొంగతనము మోపుచున్నాము. అట్టి నిందపడి పని మానుకొనిపోయిన నమ్మకస్థుని మేమెఱుగుదుము. తరువాత చూడగా ట్యాంకు క్రింది జాయింటు కాఱుచుండెను. లెక్కపుస్తకము యజమాని సొమ్మునే కాదు, పనివాని పరువును కూడ కాపాడును. పొదుపైన డీజిలులో మూడవ వంతు వెలను డ్రైవరునకు ఇచ్చుచుండుడు. ఇంజను ఎప్పుడాపవలెనో అతనికి ఎవరును చెప్పనక్కఱలేదు.

కావున మన సంఘమువారికి మా మనవి యిది. ట్రాక్టరుగల ప్రతి సభ్యునికిని ఒక చిన్న పుస్తకము నిచ్చి, తేది, పోసిన లీటర్లు, చేసిన పని, ఎకరములు, గంటలు అను అయిదు గళ్లు గీయింపవలెను. నెలకొకమారు ఆ పుస్తకములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, ఒకే నేలలో ఒకే పనికి ఒకని ట్రాక్టరు తక్కువయు, మఱియొకని ట్రాక్టరు ఎక్కువయు ఏల త్రాగుచున్నదో తెలియును. ఎక్కువ త్రాగుదానికి మరమ్మతో, నడుపువానికి మెలకువయో కావలసియుండును. ట్రాక్టరునకు అప్పు మంజూరు చేయుటకు ముందు, అర్జీతోపాటు పరీక్షా నివేదికలోని ఇంధనపు అంకెను, అర్జీదారుని యెకరములను కూడ పరిశీలించుట మంచిదని మా యభిప్రాయము.

పంట ధర మన చేతిలో లేదు, వాన మన చేతిలో లేదు, డీజిలు ధరయును మన చేతిలో లేదు. ఇంజను ఆపు మీట మాత్రము మన చేతిలోనే యున్నది. ఆ యవ్వ యడిగిన ప్రశ్నను ప్రతి రైతును తన చేనిలో తన్ను తాను అడుగుకొనవలెనని మా ప్రార్థన.